రేపెట్టా గడుస్తుందనే భయం పట్టుకుంటే: పెద్ద వయసులో డబ్బునీ ఆసరానీ ఒక దారికి తెచ్చుకోవడం ఎలా

కావలి దగ్గర ఒక చిన్న పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నాను. మూడు నెలలకోసారి వడ్డీ కోసం వచ్చే పెద్దవాళ్లు పాస్‌బుక్కు చేతికి తీసుకుంటూ దాదాపు అందరూ ఒకే మాట అడిగేవాళ్లు: "ఎన్నాళ్లొస్తాదంటావమ్మే ఇది?" మొదట్లో నేను లెక్క చెప్పేదాన్ని. ఇంత అసలు, ఇంత వడ్డీ, ఇన్నేళ్లు అని. వాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ వచ్చినప్పుడు అదే ప్రశ్న. మా అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక నాకు అర్థమైంది, ఆ ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాగుందని. "నేను లేవలేని రోజున నన్ను లేపేదెవరు?" అన్నది.

ఈ రెండూ కలగలిసిపోతే భయం కొండంత అవుతుంది. విడదీసి చూస్తే దేనికి ఏం చేయాలో కనబడుతుంది. మీకు అరవై దాటి ఉంటే మీ కోసం, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల కోసం, ఈ పనులు ఒక్కొక్కటిగా చేసుకుంటూ పొండి. ఒక్క వారంలో అయ్యేవి కావు. మా ఇంట్లో ఆరు నెలలు పట్టింది.

ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి

పిల్లలు రాసుకునే వంద పేజీల పుస్తకం చాలు. ఎడమ పేజీలో నెలకి వచ్చే డబ్బు, కుడి పేజీలో పోయే డబ్బు. మూడు నెలలకోసారి వచ్చేదాన్ని మూడుతో, ఏడాదికోసారి వచ్చేదాన్ని పన్నెండుతో భాగించి రాయండి. మన వైపు లెక్క తప్పేది ఇక్కడే. కౌలు పంటకోసారి వస్తుంది, కొందరికి గింజల రూపంలో వస్తుంది. రెండు పుట్ల వడ్లు ఇంటికొస్తే తినడానికి ఎంత పోతుంది, మిగిలింది అమ్మితే ఎంతొస్తుంది అని డబ్బు కిందికి మార్చి రాయాలి.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ, పెదనాయన ఉంటారు. "మాకేముందమ్మే, దేవుడే దిక్కు" అనడం ఆవిడకి అలవాటు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇద్దరం రాశాం. పెదనాయనకి ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000. పోస్టాఫీసులో ఉన్న 5 లక్షల మీద మూడు నెలలకి 10,250, అంటే నెలకి సుమారు 3,400. ఎకరంన్నర మాగాణి కౌలు ఏడాదికి 48,000, నెలకి 4,000. అంతా కలిపితే 11,400. కుడి పేజీలో సరుకులు, పాలు, కూరగాయలు 5,500. కరెంటు, గ్యాసు, ఫోను 1,500. పెళ్లిళ్లు, పేరంటాలు, చదివింపులు 1,000. మందులు 2,300. మొత్తం 10,300. నెలకి పదకొండు వందలు మిగులుతోంది. ఆవిడ ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ఇంకోసారి కూడమ్మే" అంది. మళ్లీ కూడాను. అదే వచ్చింది.

ఆ తర్వాత మందుల దగ్గర ఆగాం. 2,300లో సగానికి పైగా బీపీ, షుగరు మాత్రలకే పోతోంది. ఆ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. 104 వాహనం ఊరికి వచ్చే రోజున కూడా తీసుకోవచ్చు. అక్కడ దొరకనివి జనఔషధి దుకాణంలో అదే మందు, కంపెనీ పేరు లేకుండా, 50 నుంచి 80 శాతం దాకా తక్కువకి వస్తుంది. చీటీ పట్టుకెళ్లి డాక్టరుగారిని "ఇందులో ఏవి మార్చుకోవచ్చు?" అని అడగండి. అడక్కుండా మీ అంతట మీరు మార్చొద్దు. పెద్దమ్మావాళ్ల మందుల ఖర్చు రెండు నెలల్లో 900కి దిగింది.

ఒక జాగ్రత్త చెప్తాను. ఇంకా చేతికి రాని డబ్బు ఎడమ పేజీలో రాయకండి. కొడుకు పంపుతానన్నది, చేబదులుగా ఇచ్చింది, ప్రోనోటు మీద రావాల్సింది, అన్నీ వెనక పేజీలో వేరుగా ఉండాలి.

మీకు రావాల్సినవి వస్తున్నాయా చూడండి

2024 జూలై నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకి 4,000 రూపాయలు. అరవై ఏళ్లు నిండాలి. భూమి, ఆదాయం, కారు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం లాంటి షరతులు ఉన్నాయి. మీకు వర్తిస్తుందో లేదో పక్కింటివాళ్ల మాట మీద తేల్చుకోకుండా ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని గ్రామ లేదా వార్డు సచివాలయానికే వెళ్లండి. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారో కూడా అక్కడే కనుక్కోండి. వైకల్యం ఉన్నవాళ్లకి 6,000. పక్షవాతంతోనో కండరాల జబ్బుతోనో పూర్తిగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవాళ్లకి 15,000. వీటికి వైద్య పరీక్ష, సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకి స్లాటు సచివాలయంలోనే అడగొచ్చు. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉండి, ఈ 15,000 సంగతి తెలియక ఏళ్ల తరబడి 4,000తో సరిపెట్టుకునేవాళ్లు ఉంటారు. మీకు తెలిసినవాళ్లెవరైనా అలా ఉంటే దయచేసి చెప్పండి.

పిల్లల దగ్గరికి బెంగుళూరో చెన్నయో వెళ్లినప్పుడు పింఛను పోతుందేమోనని కంగారుపడి, ఒంట్లో బాగాలేకపోయినా ఒకటో తేదీకి పరిగెత్తుకొస్తుంటారు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు దాటకుండా చూసుకుంటే చాలు.

ఇంకొన్ని చిన్నవి. అరవై దాటినవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. ఆత్మకూరు నుంచో ఉదయగిరి నుంచో నెల్లూరు ఆస్పత్రికి తిరిగే అమ్మలకి ఇది చిన్న సాయం కాదు. 65 దాటినవాళ్లకి రేషను సరుకులు డీలరు ఇంటికే తెచ్చివ్వాలి.

వినికిడి యంత్రం, చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు లాంటివి పేద వృద్ధులకి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని ఒక కేంద్ర పథకం ఉంది. అది 2017 ఏప్రిల్ 1న దేశం మొత్తంలో మొదట ప్రారంభమైంది మన నెల్లూరులోనే. దీనికి ఎప్పుడూ తెరిచి ఉండే కౌంటరు ఉండదు, క్యాంపులు పెడతారు. క్యాంపు ఎప్పుడో తెలియాలంటే జిల్లాలోని వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగాలి.

కాగితాలన్నీ ఒకచోటికి చేర్చండి

మా ఆఫీసుకి ఒకాయన మైనపు కాగితంలో చుట్టిన పాస్‌బుక్కు తెచ్చేవాడు. దారం ముడి విప్పడానికే రెండు నిమిషాలు పట్టేది. ఆయన పోయాక ఆ పొట్లం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. దూలం మీద పెట్టుకునేవాడట. ఇల్లు సున్నం వేయిస్తున్నప్పుడు దొరికింది. అందులో ఉన్న ఖాతాకి నామినీ లేదు. ఆయన భార్య వారసుల సర్టిఫికెట్ల కోసం తిరిగిన తిరుగుడు నేను కళ్లారా చూశాను.

కాబట్టి ఒక గట్టి ప్లాస్టిక్ ఫైలు కొని ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కులు, డిపాజిట్ బాండ్లు, ఇన్సూరెన్సు పాలసీలు, పొలం పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, ఆస్పత్రి చీటీలు అన్నీ అందులో పెట్టండి. దస్తావేజులకి జిరాక్సు ఉంచి అసలైనవి బీరువాలో దాచుకోండి. ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఒకరికీ, బయట నమ్మకస్తులు ఒకరికీ చెప్పండి.

తర్వాత ఒక్కో ఖాతాకీ నామినీ ఉన్నారా, ఉంటే బతికున్నారా చూడండి. నవ్వకండి, చనిపోయినవాళ్ల పేర్లే నామినీగా ఉన్న పుస్తకాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. భార్యాభర్తల ఖాతా అయితే ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా మార్పించుకోండి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, అది వాళ్ల సొంతమైపోదు, వారసుల హక్కు అలాగే ఉంటుంది. ఈ మాట పిల్లలందరి ముందూ చెప్పి ఉంచండి.

పదేళ్లు కదలని బ్యాంకు డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్తుంది. అది పోయినట్టు కాదు, అడిగితే తిరిగి వస్తుంది. పాత ఖాతాలు వెతకడానికి ఉద్గం అనే రిజర్వు బ్యాంకు పోర్టల్ ఉంది. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని మీ పేరుతో, పోయిన మీ ఆయన పేరుతో వెతికించండి.

చేతిలో ఉన్న డబ్బు ఎక్కడ పెట్టాలి

మూడు నెలల ఇంటి ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. మిగిలినదాంట్లో నెల ఖర్చుకి పనికొచ్చే భాగం సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టొచ్చు. నేను ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం, లక్షకి మూడు నెలలకోసారి 2,050 రూపాయలు వస్తాయి. ఒకరికి 30 లక్షల దాకా పరిమితి, అయిదేళ్ల గడువు. నెలనెలా కావాలంటే పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీము 7.4 శాతం. ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింటుగా 15 లక్షలు దాటకూడదు. వేసే ముందు ఆరోజు వడ్డీ రేటు కౌంటర్లో అడిగి వేయండి. బ్యాంకులో డిపాజిట్ చేస్తే ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుందని గుర్తుపెట్టుకుని, అంతకు మించితే రెండు బ్యాంకుల్లో పెట్టుకోండి.

ఇక నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీ సంగతి. మన జిల్లాలో ఇది చెప్పకుండా దాటిపోలేను. తెలిసినవాళ్లే, మంచివాళ్లే, రొయ్యల గుంటకి పెట్టుబడి కావాలని అడుగుతారు. పంట బాగా వస్తే వడ్డీతో ఇస్తారు కూడా. కానీ 1990ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఊడ్చుకుపోయినప్పుడు, అప్పు తీసుకున్నవాళ్లతో పాటు ఇచ్చిన ముసలివాళ్లు కూడా మునిగిపోయారు. ఆ మనిషి మోసగాడు కానక్కర్లేదు, గుంట చచ్చిపోతే చాలు. డెబ్బై ఏళ్ల మనిషి పోగొట్టుకున్నది మళ్లీ సంపాదించలేడు. అందుకని కొత్తగా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ప్రోనోటు తారీఖు చూసుకోండి. మూడేళ్లు దాటితే కోర్టుకి పనికిరాదు, లోపే తిరగరాయించుకోండి. చీటీలు కూడా రిజిస్టరు అయినవి తప్ప వేరేవి కట్టొద్దు.

ఫోన్లో పోలీసులమనీ, మీ పేరు మీద కేసుందనీ, వీడియో కాల్‌లోనే ఉండమనీ ఎవరన్నా బెదిరిస్తే అది దొంగ ఫోనే. ఫోన్లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో లేదు. పెట్టేసి, ఇంట్లోవాళ్లకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి.

ఆస్పత్రి భయం

"ఒక్కసారి పొగతోటకి పోతే ఉన్నదంతా ఊడ్చుకుపోద్ది" అని నెల్లూరు చుట్టుపక్కల అనుకుంటూ ఉంటారు. పొగతోటంటే నెల్లూరులో ఆస్పత్రులు ఎక్కువగా ఉండే పేట. ఈ భయంలో నిజముంది. కానీ చాలామంది ముందు చేసుకోవాల్సిన పని చేయకుండా, రోగం వచ్చాక కార్డు కోసం వెతుకుతారు.

డెబ్బై నిండిన ప్రతివాళ్లకీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యం ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఉచితం. 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఆధార్‌లో ఉన్న వయసే చూస్తారు, కాబట్టి అందులో పుట్టిన సంవత్సరం తప్పుంటే ముందు అది సరిచేయించండి. రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం, ఎన్టీఆర్ వైద్య సేవ, ఉండనే ఉంది. మీరు మామూలుగా వెళ్లే ఆస్పత్రి ఏ పథకంలో ఉంది, ఏ జబ్బుకి ఉంది అనేది ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెళ్లి, ఈ పథకాల సంగతి చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్లో అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంటి దగ్గర ఆయాకి ఇచ్చే జీతం, బయట కొనే మందులు ఇందులో రావు. వాటికి వేరే డబ్బు పక్కన పెట్టాలి.

పక్షవాతం గురించి ఒక్క మాట, మా ఇంట్లో జరిగింది కాబట్టి. మూతి ఒక పక్కకి పోవడం, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా గడియారం చూసి టైము గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాను ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. గడ్డని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు. మేం "నీరసం అయ్యుంటుందిలే, పడుకుంటే తగ్గుద్ది" అని రాత్రంతా చూశాం. ఆ రాత్రి నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇల్లూ పొలమూ రాసిచ్చే ముందు

ఇక్కడ తొందరపడకండి. "ఎట్టా వాళ్లకేగా" అని బతికుండగానే రాసిచ్చేసి, తర్వాత తన ఇంట్లో తానే చుట్టంలా ఒదిగి కూర్చున్న తల్లుల్ని నేను చూశాను. రాసివ్వడం తప్పని అనను. ఎలా రాయాలో తెలుసుకుని రాయండి.

వీలునామా మీరు పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ల చేత సంతకాలు పెట్టించినా చెల్లుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షిగా పెట్టకండి. సెటిల్‌మెంట్ దస్తావేజు, గిఫ్టు దస్తావేజు అలా కాదు. సంతకం పెట్టి రిజిస్టరు అయిన రోజునే ఆస్తి చేతులు మారిపోతుంది, మనసు మార్చుకుంటే వెనక్కి రాదు. పిల్లల ఒత్తిడి మీద రాయక తప్పకపోతే రెండు వాక్యాలు దస్తావేజులో ఉండేలా పట్టుబట్టండి. ఒకటి, నేను బతికున్నంతవరకు ఈ ఇంట్లో ఉండే హక్కు, అద్దె గానీ కౌలు గానీ తీసుకునే హక్కు నాదే అని. రెండు, ఆస్తి తీసుకున్నవాళ్లు నా తిండి, బట్ట, వైద్యం, బాగోగులు చూడాలనే షరతు మీదే ఇస్తున్నాను అని. డాక్యుమెంట్ రైటరు "అవన్నీ ఎందుకమ్మా, సొంత కొడుకే కదా" అంటే, "అయినా రాయి నాయనా" అనండి.

ఈ రెండో వాక్యం ఎందుకంటే, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే ఆ దస్తావేజుని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. షరతు లేకపోతే ఈ సెక్షను వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా చూడాలని చెప్పి, ఒక తల్లి ఇచ్చిన గిఫ్టు దస్తావేజుని రద్దు చేసింది. ఆ ఒక్క షరతు మీదే మీ గూడు నిలబడొచ్చు.

ట్రిబ్యునల్ అంటే ఆర్డీవోగారు. మన జిల్లాలో ఎవరిది ఏ రెవెన్యూ డివిజనైతే ఆ ఆర్డీవో ఆఫీసులోనే అర్జీ. తెల్లకాగితం మీద మీ పేరు, వయసు, పిల్లల పేర్లు, ఊళ్లు, మీకు నెలకి ఎంత కావాలో రాసివ్వండి. మీరు వెళ్లలేకపోతే మీ తరపున ఇంకొకరు ఇవ్వొచ్చు. నెలకి 10,000 వరకు ఇప్పించగలరు. పిల్లలంటే కొడుకులే కాదు, కూతుళ్లు కూడా బాధ్యులే. పిల్లలు లేనివాళ్లకి, వాళ్ల ఆస్తి ఎవరికి రాబోతుందో ఆ చుట్టాలు బాధ్యులు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. కలెక్టరాఫీసులో సోమవారం జరిగే ప్రజల సమస్యల వేదికలో కూడా చెప్పుకోవచ్చు.

చూసుకునే మనిషిని వెతుక్కోవడం

"ఎవరు చూస్తారు?" అనే ప్రశ్నకి ఒక్క పేరు కోసం వెతికితే దొరకదు. ఒక్కరే అన్నీ చేయాలంటే ఎంత ప్రేమ ఉన్నవాళ్లయినా ఏడాది తిరిగేసరికి వాడిపోతారు. నోటుపుస్తకంలో ఇంకో పేజీ తీసుకుని పనుల్ని విడివిడిగా రాయండి: స్నానం, వంట, మందులు వేయడం, ఆస్పత్రికి తీసుకెళ్లడం, బ్యాంకు పని, రాత్రి పక్కన పడుకోవడం, కబుర్లు చెప్పడం. ఒక్కో పనికి ఎదురుగా ఒక పేరు రాయండి.

మా అమ్మ విషయంలో ఇలా కుదిరింది. పొద్దున స్నానం, పక్క మార్చడం ఆయా. వంట నేను. మందుల పెట్టె ఆదివారం సాయంత్రం నింపే పని మా అక్క కొడుకుది. ఆస్పత్రి మా తమ్ముడు. తను బెంగుళూరులో ఉంటాడు, అందుకని డాక్టరు తారీఖులన్నీ శనివారాలకి పెట్టించుకున్నాం. రాత్రి నేనూ మా వదినా వంతులేసుకున్నాం. సాయంత్రం పూట పక్కింటావిడ వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని పూలు కట్టుకునేది. బయటివాళ్లు డబ్బు తీసుకోకుండా చేసిన పని ఇదొక్కటే, అమ్మ ఎదురుచూసేది కూడా దీని కోసమే. రోజూ నాలుగున్నరకల్లా తలుపు వైపు చూడటం మొదలుపెట్టేది.

అమ్మకి మాట సరిగ్గా వచ్చేది కాదు. పిలవలేక ఏడ్చేది. ఒకరోజు పూజ గదిలోని చిన్న ఇత్తడి గంటకి పాత చీర అంచు కట్టి, ఆ అంచు కొస అమ్మ మంచిగా ఉన్న ఎడమ చేతికి అందేలా మంచం పట్టెకి ముడేశాం. మొదటి రోజు ఉత్తినే పది సార్లు మోగించింది. పదిసార్లూ వెళ్లాం. ఆ తర్వాత అవసరం ఉంటేనే మోగించేది. పిలిస్తే వస్తారని తెలిశాక మనిషి నెమ్మదించింది.

మంచాన ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రిపూట కూడా. నడుం కింద, తుంటి, మడమల దగ్గర ఎర్రబడిందేమో రోజూ స్నానం చేయించేటప్పుడు చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అదే పుండుకి మొదలు. అన్నం తినిపించేటప్పుడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి తినిపించాలి, పడుకోబెట్టి వద్దు, పొలమారుతుంది. ఆశా కార్యకర్తకి మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారని చెప్పి ఉంచండి.

ఆయాని పెట్టుకునేటప్పుడు మేం దెబ్బతిన్నాం. నెల్లూరులో ఒక ఏజెన్సీకి నెల జీతం 18,000 ముందే కట్టాం. వచ్చిన అమ్మాయి అయిదో రోజు వెళ్లిపోయింది, ఆ తర్వాత వాళ్లు ఫోనెత్తలేదు. అందుకని చెప్తున్నాను. నెలంతటికీ ముందే కట్టకండి, వారం వారం ఇస్తామనండి. మొదటి మూడు రోజులు మీరు పక్కనే ఉండి ఎత్తడం, తుడవడం ఎలా చేస్తోందో చూడండి. ఆధార్ జిరాక్సు, ఆమె సొంత ఊరు, ఇంట్లోవాళ్ల ఫోను నెంబరు తీసుకోండి. ఇంతకుముందు పనిచేసిన ఇంటికి ఫోన్ చేసి మాట్లాడండి. ఏం పనులు చేయాలి, వారంలో ఏ రోజు సెలవు అనేది కాగితం మీద రాసుకోండి. ఆ సెలవు రోజుకి ఇంకో మనిషిని ముందే చూసుకోండి. ఆమెకి వేళకి అన్నం, పడుకోవడానికి సరైన చోటు ఇవ్వండి. రెండోసారి మా ఊరి మనిషే దొరికింది, ఆశా కార్యకర్త ద్వారా. అమ్మ పోయేదాకా తనే ఉంది.

వృద్ధాశ్రమం అనగానే పరువు పోయినట్టు బాధపడతాం. ఒంటరిగా ఉండి, రాత్రి పడిపోతే తెల్లారేదాకా ఎవరూ చూడని ఇంటికన్నా, మనుషులున్న మంచి ఆశ్రమం మేలని నేను నమ్ముతాను. చూడటానికి వెళ్తే చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్లండి. ఏం వడ్డిస్తున్నారో చూడండి, బాత్రూములో పట్టుకునే కడ్డీలున్నాయా చూడండి, రాత్రి ఎవరుంటారో అడగండి. మంచాన పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా అనేది తప్పకుండా అడగండి. అక్కడున్న ఇద్దరు ముగ్గురితో సిబ్బంది లేనప్పుడు మాట్లాడండి.

పిల్లలతో మాట్లాడటం

పండక్కి అందరూ వచ్చినప్పుడు ఈ మాట ఎత్తకండి. ఆరోజు ఎవరి మనసూ దీని మీద ఉండదు. మామూలు ఆదివారం, ఫోన్లోనైనా సరే, నోటుపుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. "నాయనా, మాకు నెలకి ఇంత వస్తోంది, ఇంత పోతోంది. రేపు మంచాన పడితే ఇంత తక్కువ పడుతుంది. మీలో ఎవరు ఏం చేయగలరో చెప్పండి." అంకె ముందుంటే మాట నిష్ఠూరంలోకి పోదు. దూరంగా ఉన్నవాళ్లు డబ్బు, దగ్గరున్నవాళ్లు సమయం. రెండూ సమానమేనని అందరి ముందూ చెప్పండి. దగ్గరుండి చూసే కూతురికో కోడలికో నెలకి రెండు రోజులు సెలవు దొరికేలా మిగతావాళ్లు రావాలని కూడా ఆరోజే తేల్చుకోండి. ఆమెకి నిద్రపట్టక, ఊరికే ఏడుపొస్తుంటే 14416కి ఫోన్ చేయమనండి. టెలీ మానస్ అని, మనసు బరువు గురించి తెలుగులో మాట్లాడే ప్రభుత్వ ఫోను సేవ అది.

చివరి కాగితం

నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చింపి, లావు స్కెచ్ పెన్నుతో, కళ్లద్దాలు లేకపోయినా కనబడేంత పెద్దగా ఈ నెంబర్లు రాయండి. 14567, పెద్దవాళ్ల కోసం పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేసే ఎల్డర్‌లైను. పింఛను సందేహమైనా, పిల్లలు కొట్టినా, వదిలేసినా, ఊరికే భయమేసినా చేయొచ్చు. 108, అంబులెన్సు. 1930, ఫోను మోసం. 15100, ఉచిత న్యాయ సహాయం. 14416, మనసు బాగోలేనప్పుడు. వాటి కింద పక్కింటివాళ్లది, ఆయాది, ఆశా కార్యకర్తది, దగ్గరున్న బిడ్డది.

దాన్ని క్యాలెండరు పక్కన, మంచం మీద పడుకుంటే కనబడే ఎత్తులో అంటించండి. తర్వాత పెద్దవాళ్ల చేతికి ఫోనిచ్చి, మొదటి నెంబరుకి వాళ్ల చేతే ఒకసారి చేయించండి. మా ఎదురింటి పెద్దమ్మ 14567కి చేసి, అవతల "నమస్కారమండీ, చెప్పండి" అని వినబడగానే ఏం అడగాలో తోచక, "ఏం లేదమ్మా, మీరు ఉండారా లేదా అని చేశా" అంది.